మేత ముట్టని చేపకు ముందు కావలసింది మేత కాదు

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో నడుస్తుంటే తెలంగాణలోని ఏదో నేత ఊరికి వచ్చినట్టే ఉంటుంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మా అక్క వాళ్లు ఉండేది అక్కడే. మే నెలలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, చేతిలో సంచి కింద పెట్టకముందే మా అక్క కూతురు నా చేయి పట్టుకుని అక్వేరియం దగ్గరికి లాక్కెళ్లింది.

"చిన్నమ్మా, మా చేప మూడు రోజుల నుంచి ఏం తింటలేదు. సిరంజితోని నోట్లె పెడ్దామా?"

తొట్టి నలభై లీటర్లది. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు. ఆదివారం నాడు నీళ్లు మారుస్తుండగా వాటిలో ఒకటి బకెట్‌లోంచి ఎగిరి బండల మీద పడిందట. కింది పెదవి ఒక పక్కకు చీలి ఉంది. దాన్ని మళ్లీ తొట్టిలో వేశారు. ఆనాటి నుంచి అది ఒక మూలన అడుగున నిలబడి మొప్పలు గబగబా ఆడిస్తోంది. దాని చుట్టూ మేత గింజలు ఉబ్బి, మెత్తబడి, తెల్లటి నూగు పట్టి ఉన్నాయి. తింటుందేమోనన్న ఆశతో పూటకు రెండుసార్లు వేస్తున్నారు. మేనకోడలి చేతిలో సూది తీసేసిన సిరంజి సిద్ధంగా ఉంది.

ఆ సిరంజిని కాసేపు పక్కన పెట్టమన్నాను. ఎందుకు పెట్టమన్నానో చెప్పడమే ఈ వ్యాసం. ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిస్థితి ఎదురవుతుంది. చేప తినడం మానేసిందంటే మనకు మొదట గుర్తొచ్చేది ఆకలి. కానీ చేప శరీరం, దాని చుట్టూ ఉన్న నీరు పనిచేసే తీరు చూస్తే ఆకలి చివరి వరుసలో ఉంటుంది.

చేప నోరు ఒక పంపు

మనం ముద్దను చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకుంటాం. చేపకు చేతులు లేవు. చాలా రకాల చేపలు నోటిని సెకనులో కొన్ని వందల వంతుల కాలంలోనే హఠాత్తుగా విప్పుతాయి. నోటి లోపలి గది ఒక్కసారిగా పెద్దదవుతుంది, లోపల పీడనం పడిపోతుంది. బయటి నీరు లోపలికి దూసుకొస్తుంది. ఆ నీటితో పాటు మేత కూడా వస్తుంది. గోల్డ్‌ఫిష్ అయితే పై దవడను గొట్టంలా ముందుకు చాచి మరీ ఈ పని చేస్తుంది. నమలడానికి దాని పళ్లు నోటి ముందు భాగంలో ఉండవు, గొంతులో ఉంటాయి.

ఇలా పీల్చడంలో ఒక చిక్కు ఉంది. కొవ్వొత్తిని ఊది ఆర్పడం తేలిక. అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పి చూడండి, ఆరదు. ఊదిన గాలి ఒకే దిశలో పోతుంది కానీ, పీల్చినప్పుడు అన్ని వైపుల నుంచీ కొంచెం కొంచెంగా వస్తుంది. అందుకే దూరం పెరిగే కొద్దీ ఆ ప్రవాహం వేగం చాలా తొందరగా తగ్గిపోతుంది. చేప విషయంలోనూ అంతే. నోరు ఎంత వెడల్పుగా తెరుచుకుందో సుమారు అంత దూరం దాటితే ఆ లాగుడు దాదాపు ఉండదు. పెదవి చీలినా, దవడ పక్కకు తొలగినా పీడనం సరిగా పడిపోదు. చీలిక లోంచి నీరు కారిపోతుంది. చేపకు తినాలని ఉన్నా మేత నోటి దాకా రాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఇదే నోరు ఊపిరి పంపు కూడా. నోటితో నీటిని తీసుకుని మొప్పల మీదుగా బయటికి నెట్టి, మధ్యలో ఆక్సిజన్ గ్రహిస్తుంది. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో ఎక్కువలో ఎక్కువ 8.3 మిల్లీగ్రాములే కరుగుతుంది. 32 డిగ్రీల దగ్గర అది 7.3కి తగ్గుతుంది. అంత తక్కువ ఆక్సిజన్ కోసం చేప రోజంతా నీటిని తోడుతూనే ఉండాలి. పంపుకు దెబ్బ తగిలినప్పుడు మొదట ఇబ్బంది పడేది ఊపిరి. ఆ తర్వాతే తిండి. కాబట్టి నోటికి గాయమైన చేపకు మన మొదటి సాయం ఎయిర్ పంపు పెట్టి నీటిని బాగా కదిలించడం.

తిండి లేకుండా ఎన్నాళ్లు ఉండగలదు?

మన శరీరం తిన్న దానిలో పెద్ద భాగాన్ని ఒంటిని 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచడానికే ఖర్చు చేస్తుంది. చేపకు ఆ ఖర్చు లేదు. దాని ఒంటి వేడి నీటి వేడితో పాటే మారుతుంది. నీటిలో తేలుతూ ఉంటుంది కనుక బరువు మోసే శ్రమా తక్కువే. అందుకే ఆరోగ్యంగా, ఒంట్లో నిల్వలతో ఉన్న పెద్ద గోల్డ్‌ఫిష్ వారం పది రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. ఆ రోజుల్లో కాలేయంలోని గ్లైకోజెన్, ఒంట్లోని కొవ్వు ఖర్చవుతాయి. ఆకలి ఇంకా సాగితే కండరాల్లోని మాంసకృత్తులూ కరగడం మొదలవుతుంది.

అయితే ఈ లెక్క అన్ని చేపలకూ ఒకటి కాదు. చిన్న జీవుల్లో గ్రాము బరువుకు అయ్యే ఖర్చు పెద్ద జీవుల కన్నా ఎక్కువ. గప్పీ, నియాన్ టెట్రా వంటి చిన్న చేపలకు గడువు తక్కువ. పిల్లలకైతే ఇంకా తక్కువ, వాటిని రోజుల తరబడి పస్తు ఉంచలేం.

రెండోది వేడి. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చేప జీవక్రియ వేగం సుమారు రెట్టింపవుతుంది. సూరత్‌లో మే నెల మధ్యాహ్నం ఇంట్లోని తొట్టి నీరు 32 డిగ్రీలు ఉంది. 26 డిగ్రీల నీటితో పోలిస్తే ఇక్కడ చేప ఒకటిన్నర రెట్లు ఖర్చు పెడుతోంది, అదీ ఆక్సిజన్ తగ్గిన నీటిలో. తిండి లేని చేపకు ఎండ రెండు వైపులా దెబ్బే.

దీనికి ఇంట్లో ఉన్న ఉపాయం టేబుల్ ఫ్యాను. మూత తీసి, నీటి పైతలానికి గాలి తగిలేలా పెడితే కొంత నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మట్టి కుండలో నీరు చల్లబడేదీ ఇలాగే. నలభై లీటర్ల నీరు 3 డిగ్రీలు చల్లబడటానికి సుమారు 500 కిలోజౌళ్ల వేడి పోవాలి. అంటే 200 మిల్లీలీటర్ల చిల్లర నీరు, ఒక గ్లాసెడు, ఆవిరైతే చాలు. గది నుంచి వేడి మళ్లీ చేరుతూ ఉంటుంది కనుక నిజానికి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. సముద్రానికి దగ్గరగా ఉండి గాలిలో తేమ ఎక్కువున్న సూరత్ వంటి చోట ఫలితం కాస్త తక్కువే, అయినా మాకు సాయంత్రానికి నీరు 29 డిగ్రీలకు వచ్చింది. తొట్టిలో మంచుగడ్డలు వేయడం మాత్రం తప్పు. హఠాత్తుగా వేడి మారితే చేపకు అదే పెద్ద దెబ్బ అవుతుంది. తెరిచిన తొట్టి మీద వల గుడ్డ కట్టడం మరచిపోవద్దు, చేప మళ్లీ ఎగరవచ్చు.

నీటిని పరీక్షించకుండా చేపను ముట్టుకోవద్దు

తినని చేప దగ్గర మనం చేసే మొదటి పొరపాటు మేత వేస్తూ పోవడం. తినని మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. మామూలుగా తొట్టిలోని ఫిల్టరులో ఉండే మేలు చేసే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంతకన్నా హాని తక్కువైన నైట్రేట్‌గా మారుస్తాయి. మా అక్క వాళ్లు ఆదివారం నాడు తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి కడిగి, నేరుగా కుళాయి నీటితో నింపారు. మనం తాగే నీటిలో క్లోరిన్ కలిపేది బ్యాక్టీరియాను చంపడానికే. అది ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియానూ వదలదు, చేప మొప్పలనూ కాలుస్తుంది.

అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అయాను రూపం, దానితో ప్రమాదం తక్కువ. రెండోది అయాను కాని అమ్మోనియా. ఇది మొప్పల పొరను దాటి రక్తంలోకి పోతుంది. ఏది ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో విషపు రూపం 0.6 శాతం లోపే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. 30 డిగ్రీల వేడి కూడా తోడైతే ఏడున్నర శాతం దగ్గరికి పోతుంది. అంటే పరీక్షలో ఒకే అంకె వచ్చినా ఒక ఇంట్లో చేప క్షేమంగా ఉండవచ్చు, మరో ఇంట్లో చావుకు దగ్గర పడవచ్చు.

అక్వేరియం దుకాణాల్లో అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ పరీక్షించే కిట్లు దొరుకుతాయి. చుక్కలు వేసి రంగు పోల్చి చూసుకోవాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. మా తొట్టిలో అమ్మోనియా రంగు స్పష్టంగా ఆకుపచ్చకు తిరిగింది. గాయపడని రెండో చేప కూడా మేత సరిగా తినడం లేదని అప్పుడే గమనించాం. తొట్టిలో ఒకటికి మించి చేపలు తినడం మానేస్తే దోషం నీటిలో ఉందని ముందుగా అనుమానించాలి. ఒక్కటే మానేస్తే ఆ చేపలో వెతకాలి. మా దగ్గర రెండూ కలిసి ఉన్నాయి.

పరిహారం ఖరీదైనది కాదు. కుళ్లిన మేతను సైఫన్ గొట్టంతో తీసేయడం, రోజూ నాలుగో వంతు నీరు మార్చడం, కొత్త నీటికి క్లోరిన్ పోగొట్టే సోడియం థయోసల్ఫేట్ మందు కలపడం లేదా ముందు రోజే బకెట్‌లో పట్టి ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచడం, కొత్త నీటి వేడి పాత నీటి వేడితో సమానంగా చూసుకోవడం. ఇకపై ఫిల్టరు స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే మెల్లగా పిండాలి. తినని చేప వ్యర్థాలను కూడా తక్కువగా వదులుతుంది. ఆ లెక్కన రెండు రోజుల పస్తు నీటికి మేలే చేస్తుంది.

వేరుగా ఒక ఆసుపత్రి తొట్టి

సూరత్‌లోని పాల్ ప్రాంతంలో నగరపాలక సంస్థ నడిపే జగదీశ్ చంద్ర బోస్ అక్వేరియం ఉంది. 2014లో మొదలైంది. రేడియో తరంగాల మీద పరిశోధించి, ఆపైన మొక్కలు ఉద్దీపనలకు ఎలా స్పందిస్తాయో కొలిచిన భౌతిక శాస్త్రవేత్త పేరు చేపల ఇంటికి పెట్టడం నాకు భలేగా నచ్చింది. కదలని, అరవని ప్రాణి బాధను కొలిచి తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనది. పెద్ద అక్వేరియాల్లో సందర్శకులకు కనిపించని వెనక గదుల్లో జబ్బు పడ్డ చేపల కోసం, కొత్తగా వచ్చిన చేపల కోసం విడి తొట్లు ఉంచడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఇంట్లోనూ అదే చేయవచ్చు.

సబ్బు తగలని ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. అడుగున గులకరాళ్లు వద్దు. ఖాళీగా ఉంటే మేత తిన్నదా లేదా, మలం ఎలా ఉందన్నది కనిపిస్తుంది. పదునైన అలంకరణ వస్తువులు వద్దు. దాక్కోవడానికి అంచులు నున్నగా ఉన్న ఒక చిన్న కుండ పడుకోబెడితే చేపకు ధైర్యం. ఎయిర్ స్టోన్ తప్పనిసరి. వెలుతురు తక్కువ ఉండాలి. చేప ఒంటికి రెండు పక్కలా ఉండే పార్శ్వరేఖ నీటిలోని చిన్న కదలికను కూడా పసిగడుతుంది. అందుకే తలుపు కొట్టుకునే చోట, వాషింగ్ మెషీన్ పక్కన, మగ్గం ఉన్న ఇంట్లో అయితే మగ్గం గోడకు ఆనించి ఈ టబ్బు పెట్టకూడదు.

చేపను వలతో కాక గిన్నెతో నీటితో సహా ఎత్తడం మంచిది. దాని ఒంటి మీది జిగురు పొర సూక్ష్మజీవులను ఆపే గోడ. వల రాపిడికి, ఎండిన చేతికి ఆ పొర ఊడిపోతుంది.

ఉప్పు ఎందుకు పనిచేస్తుంది

చేపల పెంపకందారులు తరచూ వాడే మందు ఉప్పు. ఇది ఉత్త నమ్మకం కాదు, ద్రవాభిసరణం. మంచినీటి చేప రక్తం, లీటరుకు 8, 9 గ్రాముల ఉప్పు కలిపిన నీటితో సమానమైన గాఢతలో ఉంటుంది. మనకు ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ కూడా లీటరుకు 9 గ్రాములదే. బయటి నీటిలో లవణాలు దాదాపు ఉండవు. కాబట్టి నీరు మొప్పల గుండా ఎడతెగక లోపలికి చొరబడుతుంది, లవణాలు బయటికి జారిపోతాయి. లోపలికి వచ్చిన నీటిని మూత్రంగా తోడేయడానికి, పోయిన లవణాలను మొప్పలతో తిరిగి లాక్కోవడానికి చేప శక్తి ఖర్చు పెడుతూనే ఉండాలి. గాయమైతే ఆ చోట గోడకు కన్నం పడినట్టే, ఖర్చు పెరుగుతుంది. తినని చేపకు పోయిన లవణాలు మేత ద్వారా రావడమూ ఆగిపోతుంది.

లీటరుకు 3 గ్రాముల ఉప్పు కలిపితే లోపలికీ బయటికీ ఉన్న తేడా సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఆ మేరకు మిగిలిన శక్తి గాయం మానడానికి పనికొస్తుంది. నైట్రైట్ ఉన్న నీటిలో ఉప్పుకు ఇంకో ఉపయోగం ఉంది. నైట్రైట్ రక్తంలో చేరితే ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది, రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. మొప్పల దగ్గర నైట్రైట్ లోపలికి పోయే దారిలోనే క్లోరైడ్ కూడా పోతుంది. క్లోరైడ్ ఎక్కువుంటే నైట్రైట్‌కు చోటు దొరకదు.

మేము ఇరవై లీటర్ల టబ్బులో లీటరుకు 2 గ్రాముల చొప్పున 40 గ్రాముల ఉప్పును రెండు విడతలుగా, పన్నెండు గంటల తేడాతో, విడిగా కరిగించి పోశాం. వేరే ఏ పదార్థాలూ కలపని ఉప్పు వాడాలి. ఆవిరైన నీటిని భర్తీ చేసేటప్పుడు ఉత్త నీరే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కదా. నీరు మార్చినప్పుడు మాత్రం తీసిన నీటితో పోయిన ఉప్పును లెక్క కట్టి కలపాలి. ఐదు లీటర్లు మారిస్తే పది గ్రాములు. అందరికీ ఇది పడదు. పొలుసులు లేని కొన్ని క్యాట్‌ఫిష్ రకాలు, నీటి మొక్కలు ఉప్పును ఓర్చుకోలేవు. విడి తొట్టి అవసరమయ్యేది ఇందుకు కూడా.

నొప్పి కూడా ఒక కారణమే

చేపకు నొప్పి తెలుస్తుందా? 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కొన్ని చేపల పెదవుల్లోకి పలుచని ఎసిటిక్ ఆమ్లం, కొన్నింటికి తేనెటీగ విషం, మరికొన్నింటికి ఉత్త సెలైన్ ఎక్కించారు. సెలైన్ తీసుకున్నవి గంటన్నర లోపే మేతకు వచ్చాయి. ఆమ్లం, విషం తీసుకున్నవి తిరిగి తినడానికి సుమారు మూడు గంటలు పట్టింది. ఆమ్లం తీసుకున్న చేపలు పెదవులను తొట్టి గోడలకు, గులకరాళ్లకు రుద్దుకున్నాయి. ఇలాంటి ప్రయోగాల్లో మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఆ ప్రవర్తన తగ్గింది.

అంటే తినకపోవడం చేప మనకు చెప్పగలిగిన కొద్ది మాటల్లో ఒకటి. 'ఆకలి లేదు' అని కాక 'నొప్పిగా ఉంది' అని కూడా దాని అర్థం కావచ్చు. అలాంటి నోటిని బలవంతంగా తెరిచి సిరంజి పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అలాగని మనుషుల నొప్పి మాత్రలు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌లు నీటిలో కలపకూడదు. కొలత తెలియని మందు చేపకు హాని, ఫిల్టరులోని బ్యాక్టీరియాకు చేటు. మందుకు లొంగని సూక్ష్మజీవులను పెంచిపోషించడానికి అది దగ్గరి దారి.

మేతను నోటి దగ్గరికి చేర్చడం

నీరు కుదుటపడి, చేప కొద్దిగా కదలడం మొదలయ్యాక మేత ప్రయత్నం. పీల్చే శక్తి తగ్గిన నోటికి మూడు విధాలుగా సాయపడవచ్చు.

మొదటిది, మేతను మెత్తగా, చిన్నగా చేయడం. గింజలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ముద్దగా మెదిపి, ఆవగింజ కన్నా చిన్న ముక్కలు చేయాలి. ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ గుజ్జు గోల్డ్‌ఫిష్‌కు సరిపోతుంది. మాంసాహార చేపలకు ఆర్టీమియా పిల్లలు, డాఫ్నియా, గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వర్మ్స్ కరిగించి ఇవ్వవచ్చు. నానబెట్టడంలో ఇంకో లాభం ఉంది. మేతలోని అమైనో ఆమ్లాలు నీటిలోకి కరిగి వాసన పుట్టిస్తాయి. చేపల ఆకలిని రేపే సంకేతాల్లో అవి ముఖ్యమైనవి.

రెండోది, దూరం తగ్గించడం. ప్లాస్టిక్ డ్రాపర్‌లో గుజ్జు తీసుకుని నోటికి కొద్ది మిల్లీమీటర్ల ముందు మెల్లగా వదలాలి. నోట్లోకి దూర్చకూడదు, నోటి ముందు ఉంచాలి అంతే. చేప ఊపిరి కోసం ఎలాగూ నీటిని లోపలికి తీసుకుంటుంది, దానితో పాటు కొంత మేత వెళుతుంది. అక్కర్లేకపోతే ఉమ్మేస్తుంది. ఆ నిర్ణయం దానికే వదిలేయాలి.

మూడోది, గడువు పెట్టుకోవడం. రెండు మూడు నిమిషాల్లో తినకపోతే ముక్కలన్నీ తీసేసి మళ్లీ మరునాడే. తొలిసారి తిన్నప్పుడు సంతోషంతో ఎక్కువ పెట్టవద్దు. పస్తున్న పేగులకు కొంచెం కొంచెంగా అలవాటు కావాలి.

గాయం కాక వేరే కారణం ఉందేమో కూడా చూడాలి. గోల్డ్‌ఫిష్‌లు అడుగున వెతుకుతూ గులకరాళ్లను నోట్లో వేసుకుంటాయి, ఒక్కోసారి రాయి ఇరుక్కుంటుంది. నోరు తెరిచే ఉంచి మూయలేకపోతుంటే అదే కావచ్చు. పెదవుల మీద దూది లాంటి తెల్లటి పొర కనబడితే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కపొడుచుకుంటే లోపలి అవయవాలు దెబ్బతిన్న గుర్తు. ఈ మూడింటికీ వైద్యుడి సలహా కావాలి.

గొట్టంతో తినిపించడం ఎవరి పని

చేపలకు గొట్టంతో మేత ఎక్కించే పద్ధతి నిజంగానే ఉంది. పశువైద్యులు దాన్ని వాడతారు. ముందు నీటిలో మత్తుమందు కలిపి చేపను నిద్రపుచ్చుతారు, మొప్పల మీద తడి ఆరకుండా చూస్తూ, మెత్తటి సన్నని గొట్టాన్ని గొంతు దాటించి, బరువును బట్టి లెక్కగట్టిన ద్రవాహారాన్ని నెమ్మదిగా వదులుతారు. మత్తు, గొట్టం పొడవు, పరిమాణం అన్నీ చేప రకాన్ని బట్టి మారతాయి. గోల్డ్‌ఫిష్, కోయి వంటి కార్పు జాతి చేపలకు అసలు జీర్ణకోశమే ఉండదు. గొంతు దాటితే నేరుగా పేగు. అందులో చోటు కొద్దిగానే ఉంటుంది. ఎక్కువ పోస్తే వెనక్కి పొంగి మొప్పల్లో ఇరుక్కుంటుంది, గొట్టం లోతుగా పోతే పేగు చిల్లుపడుతుంది. ఆస్కార్, అరోవానా వంటి వేట చేపలకు జీర్ణకోశం ఉంది కనుక వాటికి ఈ పద్ధతి కాస్త తేలిక. మా మేనకోడలి చేతిలోని సిరంజిని ఆపింది ఇందుకే.

చేపకు వైద్యుడా అని నవ్వేవాళ్లు ఉంటారు. 2014లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ట్రిస్టన్ రిచ్ అనే పశువైద్యుడు జార్జ్ అనే పదేళ్ల గోల్డ్‌ఫిష్ తల మీది కణితిని శస్త్రచికిత్స చేసి తీశారు. చేపను మత్తు నీటిలో ఉంచి, ఆపరేషన్ జరుగుతున్నంత సేపూ గొట్టంతో మొప్పలకు నీరు అందించారు. అది కోలుకుంది. మన దగ్గర ప్రతి పశువైద్యుడూ చేపలను చూడకపోవచ్చు, కానీ అడగడానికి చోట్లు ఉన్నాయి. సూరత్ పొరుగున నవసారిలో పశువైద్య కళాశాల ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అయితే నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, తెలంగాణలోని పెబ్బేరులో మత్స్య శాస్త్ర కళాశాలలు ఉన్నాయి.

ఎప్పటిదాకా ఆగాలి?

కళ్లతో చూసి 'చిక్కిపోయింది' అనుకోవడం కన్నా తూకం నమ్మదగినది. వంటింటి డిజిటల్ కాటా మీద తొట్టి నీరున్న గిన్నె పెట్టి సున్నా నొక్కాలి. చేపను అందులోకి వదిలితే కాటా చూపేది చేప బరువు. నీటిలో చేప తేలుతుంది కదా, బరువు తక్కువ చూపదా అని మేనకోడలు అడిగింది. చూపదు. నీరు చేపను ఎంత బలంతో పైకి నెడుతుందో, చేప నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. ఆ బలం గిన్నె మీదుగా కాటాకు చేరుతుంది. తూకానికి పట్టుకోవడం కూడా చేపకు ఒత్తిడే కనుక నాలుగైదు రోజులకు ఒకసారి చాలు. మధ్యలో పైనుంచి చూడాలి. తల వెనక వీపు సన్నబడి, పొట్ట లోపలికి పోయి, తల ఒంటికన్నా పెద్దగా కనబడితే కండ కరుగుతున్నట్టు లెక్క. అప్పుడు వైద్యుడి దగ్గరికి వెళ్లడంలో ఆలస్యం చేయకూడదు.

అన్నీ చేసినా కొన్ని చేపలు కోలుకోవు. నిలబడలేక పక్కకు ఒరిగి, రోజుల తరబడి ఊపిరికే పెనుగులాడుతుంటే, మత్తుమందు మోతాదు పెంచి నొప్పి లేకుండా ప్రాణం విడిపించమని పశువైద్యుణ్ని అడగడం కూడా సంరక్షణలో భాగమే. పాపం అనుకుని తాపీ నదిలోనో ఊరి చెరువులోనో వదలకూడదు. ఆ చేప ఎలాగూ బతకదు, దాని జబ్బు అక్కడి చేపలకు అంటవచ్చు. బతికిందా, పరాయి జాతి ఆ నీటిలో పాతుకుపోవచ్చు.

మా చేప బరువు తొలిరోజు 38 గ్రాములు. మేనకోడలు తన నోటుబుక్కులో గీతలు గీసి తేదీ, నీటి వేడి, అమ్మోనియా, తిన్నదా లేదా అని నాలుగు వరుసలు పెట్టింది. మూడు రోజులు వరుసగా 'తినలేదు' అని రాసింది. నాలుగో రోజు చేప మూలలోంచి బయటికి వచ్చింది. ఐదో రోజు డ్రాపర్ ముందు ఆగి, గుజ్జు లోపలికి తీసుకుని, ఉమ్మేసింది. తిన్నట్టా తిననట్టా అని అడిగింది. చూసింది చూసినట్టు రాయమన్నాను. ఆరో రోజు నేను తిరుగు రైల్లో ఉండగా ఫోను వచ్చింది.

"చిన్నమ్మా, రెండుసార్లు మింగింది. మూడోసారి ఊంచింది. అట్లనే రాసిన."

ఆ వారం చివర తూకం 36 గ్రాములు. నెల తిరిగేసరికి మళ్లీ 38. పెదవి ఇప్పటికీ కాస్త వంకరగానే ఉందట, అడుగున పడ్డ గింజను తీసుకోవడానికి రెండు మూడు ప్రయత్నాలు చేస్తుందట. నలభై లీటర్ల తొట్టి రెండు గోల్డ్‌ఫిష్‌లకు చిన్నదని, పెద్దది కొందామని మా బావను ఆ పిల్ల ఇంకా అడుగుతూనే ఉంది. నోటుబుక్కులో వరుసలు మాత్రం ఆగలేదు.